తేమ మీటరు 11 శాతం చూపించింది, అయినా డ్రమ్ముల్లో బూజు పట్టింది: హెంప్ పూలను ఆరబెట్టడంలో ఎక్కడ తప్పాను?

మొదటిపంట (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. లైసెన్సు తీసుకుని సిబిడి (మత్తు కలిగించని ఔషధ పదార్థం) కోసం హెంప్ (మత్తు బాగా తక్కువగా ఉండే గంజాయి రకం) పూలు పండించడం నాకిదే మొదటిసారి. కోత వరకూ అన్నీ సవ్యంగానే సాగాయి. ఆ తరవాత జరిగినదాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను, తప్పు ఎక్కడ జరిగిందో తెలిసినవారు చెప్పగలరు.

మొక్కలను కొమ్మలుగా కోసి షెడ్డులో తీగలకు తలకిందులుగా వేలాడదీశాను. ముసురు పట్టేలా ఉండటంతో కంగారుపడి, మొదటి రెండు రోజులూ పగలు హీటరు పెట్టి గదిని 32 డిగ్రీల దాకా వేడి చేశాను, రాత్రి ఆపేశాను, నాలుగు ఫ్యాన్లనూ నేరుగా పూల మీదికే తిప్పాను. మూడో రోజుకే పూల పైభాగం గలగలలాడింది. ఆరో రోజున మీటరు 11 శాతం తేమ చూపించగానే పూలను కాడల నుంచి దూసి, లోపల ప్లాస్టిక్ సంచి వేసిన 14 డ్రమ్ముల్లో నింపి మూతలు బిగించాను. మాగడం (క్యూరింగు) కూడా అందులోనే జరిగిపోతుందనుకున్నాను.

మూడు వారాల తరవాత మూతలు తీస్తే పైన జానెడు మందం సరుకు చక్కగా ఉంది. మధ్యకు చెయ్యి దూర్చితే మాత్రం వేళ్లకు మెత్తగా, చెమ్మగా తగిలింది, ముక్కిన గడ్డి వాసన వచ్చింది. లావుపాటి పూలను చీల్చి చూస్తే మూడు డ్రమ్ముల్లో బూజు కనిపించింది. 11 శాతం తేమ దగ్గర బూజు రాదని చదివాను, మరి ఎలా వచ్చింది? మిగిలిన 11 డ్రమ్ములను నమ్మవచ్చా?

నీడపట్టు

మొదటిపంట గారూ, మీ రాతలోనే జవాబు సగం ఉంది. మన భాషలో ఎండబెట్టడం వేరు, ఆరబెట్టడం వేరు. ఈ పంటకు ఆ తేడాయే ప్రాణం. మిరపకాయను ఎండబెడతాం, ఉతికిన పట్టుచీరను నీడన ఆరబెడతాం. హెంప్ పువ్వు పట్టుచీర జాతిది. మీరు నీడనే వేలాడదీశారు కానీ హీటరూ ఫ్యాన్లూ కలిసి ఎండ చేసే పనే చేశాయి.

పువ్వు నుంచి నీరు రెండు దశల్లో పోతుంది. పైపొరలో ఉన్న నీరు గాలి తగిలిన వెంటనే ఎగిరిపోతుంది. లోపలి కాడలో, పూల మొదళ్లలో ఉన్న నీరు మాత్రం మెల్లగా పైకి ఊరి రావాలి, అది తొందరపెడితే జరిగే పని కాదు. పైపొర నుంచి నీరు పోయే వేగం లోపలి నుంచి ఊరే వేగాన్ని మించిపోతే, పైపొర ముందే ఎండి బిగుసుకుపోయి, లోపలి నీటికి దారి మూసేస్తుంది. చేతికి గలగలమంటుంది, లోపల మాత్రం పచ్చిగానే ఉంటుంది. మూత పెట్టాక ఆ నీటికి తొందర ఏమీ ఉండదు కనుక, పది రోజుల్లో తీరిగ్గా బయటికి వచ్చి డ్రమ్మంతా పరుచుకుంటుంది.

మీ 11 శాతం అబద్ధం కాకపోవచ్చు, అది సగటు కావచ్చు. ఒక పువ్వు బరువులో 70 శాతం ఉన్న పైభాగం 8 శాతం తేమతో, మిగిలిన 30 శాతం ఉన్న నడిమి భాగం 18 శాతం తేమతో ఉన్నాయనుకోండి: 5.6కు 5.4 కలిపితే సరిగ్గా 11. కాగితం మీద బంగారంలాంటి అంకె, లోపల బూజుకు కావలసినంత నీరు.

కోసిన పూలలో బరువుకు 75 నుంచి 80 శాతం దాకా నీరే ఉంటుంది. 78 శాతం అనుకుంటే 100 కిలోల పచ్చి పూలలో ఎండు పదార్థం 22 కిలోలే. దాన్ని 11 శాతం తేమకు తెస్తే నికరంగా మిగిలేది 24.7 కిలోలు, అంటే 75 లీటర్ల నీటిని గదిలోంచి బయటికి పంపాలి. ఇందులో సగం మొదటి మూడు రోజుల్లోనే వస్తుందని లెక్క వేసుకున్నా రోజుకు 12 లీటర్ల పైమాటే. ఆ తేమను లాగే యంత్రం లేకుండా ఫ్యాన్లు మాత్రమే తిప్పితే, తడిగాలిని గదిలో గుండ్రంగా తిప్పుతున్నట్టే. నేను గదిని 16 నుంచి 20 డిగ్రీల మధ్య, గాలిలో తేమను 55 నుంచి 60 శాతం మధ్య ఉంచి, ఫ్యాన్లను గోడవైపు తిప్పి, పది నుంచి పద్నాలుగు రోజులు తీసుకుంటాను. సన్న కాడను వంచితే టక్కున విరగాలి, లావు కాడ కొంచెం వంగి ఆ తరవాత విరగాలి. ఈ పరీక్ష పాతదే అయినా మీటరు కన్నా నన్ను తక్కువసార్లు మోసం చేసింది.

కొలతలబల్ల

నీడపట్టు గారి మాటతో ఏకీభవిస్తూనే ఒక సవరణ. బూజుకు తేమ శాతంతో పని లేదు. దానికి కావలసింది వాడుకోగలిగిన నీరు. పువ్వులోని నీటిలో కొంత చక్కెరలకు, పీచుకు గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది, దాన్ని సూక్ష్మజీవులు లాక్కోలేవు. మిగిలిన స్వేచ్ఛగా ఉన్న నీటిని కొలిచే అంకెను వాటర్ యాక్టివిటీ అంటారు. స్వచ్ఛమైన నీటికి అది 1, బొత్తిగా నీరు లేనిదానికి 0. ఎండిన గంజాయి, హెంప్ పూలకు 0.55 నుంచి 0.65 మధ్య ఉండాలని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఏఎస్‌టిఎమ్ నిర్దేశించింది. 0.60 కన్నా తక్కువలో ఏ సూక్ష్మజీవీ పెరగదు, 0.65 దాటి 0.70 వైపు నడిచేకొద్దీ పొడిని ఓర్చుకునే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు జాతులు తల ఎత్తుతాయి. ఒకే తేమ శాతం ఉన్న రెండు రకాల పూలకు ఈ అంకె వేరువేరుగా ఉండవచ్చు, అందుకే ఒకరి 11 శాతం ఇంకొకరి 11 శాతానికి సాక్ష్యం కాదు.

దీన్ని కొలిచే యంత్రం లేనివారికి ఒక ఉపాయం ఉంది. గాజు సీసాను ముప్పాతిక వంతు పూలతో నింపి, లోపల గాలిలో తేమను కొలిచే చిన్న మీటరు వేసి, గాలి చొరబడకుండా మూసి, ఒకే ఉష్ణోగ్రతలో ఒక రోజు వదిలేయండి. మీటరు 62 శాతం దగ్గర నిలబడితే వాటర్ యాక్టివిటీ 0.62 అన్నమాట, రెండూ ఒకే కొలతకు రెండు పేర్లు. మీటరు ఇంకా పైకి పాకుతూనే ఉంటే లోపలి నీరు ఇంకా ఊరుతోందని అర్థం.

అయితే ఆ చిన్న మీటరును ముందుగా పరీక్షించకుండా నమ్మవద్దు. సీసా మూతలో చెంచాడు మామూలు ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేన్ని చుక్కల నీరు వేయండి (ఉప్పు కరిగిపోకూడదు). దాన్నీ మీటరునూ కలిపి ఒక డబ్బాలో మూసి, పన్నెండు గంటలు కదపకుండా ఉంచండి. మామూలు గది ఉష్ణోగ్రతలో అది 75 శాతం చూపించాలి. 71 చూపిస్తే మీ మీటరు నాలుగు తక్కువ చెబుతోంది, ఆ నాలుగును మీరు మనసులో కలుపుకోవాలి. నా దగ్గరున్న ఆరు మీటర్లలో ఇద్దరన్నదమ్ములు కూడా ఒకే మాట మీద లేరు.

మొదటిపంట

మీరిద్దరూ రాసినది చదివాక సిగ్గుగానే ఒప్పుకుంటున్నాను. నేను వాడినది రెండు సూదులు గుచ్చి కొలిచే మీటరు, కలప కోసం చేసినది. నమూనాలను కూడా తలుపు దగ్గరి తీగల మీది చిన్న పూల నుంచే తీశాను, ఎందుకంటే అవి చేతికి అందాయి. షెడ్డు మధ్యలో వేలాడిన లావు కొమ్మలను ఒక్కసారి కూడా కొలవలేదు.

పరీక్షగది

నేను పరీక్షశాలలో పనిచేస్తాను, మీ సరుకును చూడలేదు కనుక సాధారణంగానే చెప్పగలను. ముందుగా ఒక ప్రశ్న: బూజు ఏ రంగులో, ఎక్కడ మొదలై ఉంది? పువ్వును నిలువుగా చీల్చినప్పుడు నడిమి కాడ గోధుమరంగులోకి కుళ్లి, దాని చుట్టూ బూడిదరంగు నూగు ఉంటే అది బొట్రైటిస్ అనే బూజు కావచ్చు. బొట్రైటిస్‌కు చాలా ఎక్కువ తడి కావాలి, వాటర్ యాక్టివిటీ 0.9 పైన ఉంటే కానీ అది పెరగదు. అంటే అది మీ డ్రమ్ములో పుట్టినది కాదు, పొలంలోనే లావు పువ్వు నడుమ వాన నీరు నిలిచినప్పుడో, వేలాడదీసిన మొదటి రెండు మూడు రోజుల్లోనో పుట్టినది. అలా కాకుండా నీలి పచ్చ పొడి, లేదా సాలెగూడులాంటి తెల్ల నూగు పూల మీద, పూల మధ్య సందుల్లో పరుచుకుని ఉంటే అది పెనిసిలియమ్, ఆస్పర్‌జిల్లస్ బూజుల పని, అది నిలవలోనే వచ్చినది. రెండింటికీ చికిత్స వేరు: మొదటిదానికి కోత రోజున పూలను చీల్చి ఏరివేయడం, రెండోదానికి ఆరబెట్టే పద్ధతి మార్చడం.

భద్రత విషయంలో మూడు అపాయాలను విడివిడిగా చూడాలి. మొదటిది బతికున్న బూజు. ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్, ఫ్లేవస్, నైగర్ వంటివి ఆరోగ్యవంతుడిని ఏమీ చేయకపోవచ్చు, కానీ అవయవ మార్పిడి అయినవారికి, క్యాన్సర్ మందులు వాడుతున్నవారికి ఊపిరితిత్తుల్లో ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ తేగలవు. సిబిడి ఉత్పత్తులు కొనేవారిలో అలాంటి రోగులు తక్కువేమీ కాదు. రెండోది బూజు వదిలి వెళ్లే విషాలు, అంటే అఫ్లటాక్సిన్లు, ఆక్రటాక్సిన్. అఫ్లటాక్సిన్ తయారు కావాలంటే బూజు బతకడానికి సరిపోయే తడి కన్నా ఇంకా ఎక్కువ తడి, సుమారు 0.8 పైన కావాలి, కనుక బూజు ఉన్న ప్రతిచోటా విషం ఉందని కాదు. అయితే కంటికి తెలియదు, వాసన ఉండదు, పరీక్ష చేయకుండా లేదని చెప్పడానికీ వీల్లేదు. అమెరికాలో కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాల్లో పరిమితి కిలోకు 20 మైక్రోగ్రాములు. మూడోది బూజు బీజాల దుమ్ము, అది వాడేవారికన్నా ముందు డ్రమ్ము మూత తీసిన మీకే తగులుతుంది. మళ్లీ తీసేటప్పుడు దయచేసి ముక్కూ నోరూ మూసే మంచి మాస్కు పెట్టుకోండి.

గానుగమనిషి

పరీక్షగది గారు భయపెడుతున్నారేమో అనిపిస్తోంది. నేను ఇథనాల్‌తో సారం తీస్తాను. ఆ మూడు డ్రమ్ముల సరుకును పారేయనక్కర లేదు, సారం తీసేస్తే సరిపోతుంది. ఇథనాల్‌లో ఏ బూజు బతుకుతుంది? ఆ పైన వేడి చేసి ద్రావకాన్ని ఎగరగొడతాం కదా.

పరీక్షగది

గానుగమనిషి గారూ, బూజు చస్తుంది, ఆ మాట నిజం. విషం చావదు, ఎందుకంటే అది ప్రాణి కాదు. అఫ్లటాక్సిన్ ఆల్కహాలులో కరుగుతుంది, 200 డిగ్రీల వేడికి కూడా అంత తేలిగ్గా విరిగిపోదు. పది కిలోల పూల నుంచి ఒక కిలో సారం తీశారనుకోండి, పూలలో ఉన్న విషమంతా కరిగి సారంలోకి వస్తే దాని గాఢత పది రెట్లవుతుంది. పూలలో పరిమితికి లోబడి ఉన్న సరుకు సారంలో పరిమితి దాటవచ్చు. గామా కిరణాల సంగతీ ఇంతే. నెదర్లాండ్స్‌లో వైద్యానికి ఇచ్చే పూలను ఆ కిరణాలతో శుద్ధి చేస్తారు, అది సూక్ష్మజీవులను చంపుతుంది. అప్పటికే తయారైన విషాన్ని వెనక్కి తీయదు. శుద్ధి అనేది శుభ్రంగా ఆరిన సరుకుకు అదనపు కాపలా, పాడైన సరుకుకు ప్రాయశ్చిత్తం కాదు.

గానుగమనిషి

గాఢత పెరుగుతుందన్న లెక్క నేను వేయలేదు, ఒప్పుకుంటున్నాను. మాకు వచ్చే సరుకును ఇకపై విషాల పరీక్ష లేకుండా దింపుకోను.

బెల్టుయంత్రం

ఇక్కడ చర్చ అంతా వేలాడదీయడం చుట్టూనే తిరుగుతోంది. వందల ఎకరాల పంటను పద్నాలుగు రోజులు వేలాడదీసే షెడ్డు ఎవరికీ ఉండదు. కోసిన పచ్చి సరుకును కుప్ప పోస్తే కొన్ని గంటల్లోనే లోపల కాగడం మొదలవుతుంది, పచ్చిగడ్డి వామి వేడెక్కినట్టే. ఒకసారి ట్రాలీ చెడిపోయి సాయంత్రం రావలసిన లోడు మర్నాడు ఉదయం వచ్చింది. పార గుచ్చితే ఆవిరి లేచింది, అడుగున ఉన్నది నల్లబడి ఉడికిన ఆకుకూరలా ఉంది. అందుకే మావంటివారు వేడిగాలి బెల్టు డ్రయ్యర్లు వాడతారు, సారం తీయడానికి వెళ్లే సరుకుకు అది తప్పు కాదు.

కాకపోతే మూడు జాగ్రత్తలు. వేడిగాలి ఎంత ఉందని కాక సరుకు ఎంత వేడెక్కిందని కొలవాలి. తడిగా ఉన్నంతసేపూ ఆవిరి దాన్ని చల్లగా ఉంచుతుంది, చివరి పావుగంటలోనే అది కాగిపోతుంది. బర్నరు మండించిన పొగగాలి సరుకుకు నేరుగా తగలకూడదు, తగిలితే సరిగా కాలని ఇంధనం నుంచి వచ్చే క్యాన్సర్ కారక హైడ్రోకార్బన్లు జిగురు పూలకు అంటుకుంటాయి. వేడి మాత్రమే గాలికి అంది పొగ బయటికి పోయే అమరిక ఉండాలి. ఇక బెల్టు దిగిన సరుకును వేడిగా ఉండగానే సంచుల్లో కట్టకండి. చల్లబడేటప్పుడు సంచి లోపల చెమట పడుతుంది, కష్టపడి తీసిన నీటిని మనమే తిరిగి పోసినట్టు.

ఆ చెమట సంగతే షెడ్డులోనూ వర్తిస్తుంది. 21 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలి 13 డిగ్రీల గోడకు తగిలితే నీటి బొట్లు కడుతుంది. పగలు హీటరు పెట్టి రాత్రి ఆపేసిన మొదటిపంట గారి షెడ్డులో రేకుల కప్పు రాత్రి ఎంత చల్లబడిందో చూడాలి.

సువాసనపెట్టె

బెల్టుయంత్రం గారి అవసరం అర్థమైంది కానీ నష్టం కూడా చెప్పాలి. పూల వాసనకు మూలమైన టర్పీన్లలో మిర్సీన్, పైనీన్, లిమొనీన్ వంటి తేలికవి ముందుగా ఎగిరిపోతాయి, క్యారియోఫిలీన్, హ్యూములీన్ వంటి బరువైనవి నిలుస్తాయి. మరిగే స్థానం 150 డిగ్రీల పైన కదా, 40 డిగ్రీల గాలి ఏం చేస్తుందని కొందరు వాదిస్తారు. నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది, అయినా దండెం మీది బట్ట ఆరుతుంది కదా. మిసిసిపీ విశ్వవిద్యాలయానికి చెందిన రాస్, ఎల్‌సోహ్లీ 1996లో ప్రచురించిన పరిశీలనలో, గది ఉష్ణోగ్రతలో ఒక వారం ఆరబెట్టిన గంజాయి పూలలోనే సుగంధ తైలం 31 శాతం తగ్గింది. అంటే మెల్లగా ఆరబెట్టినా మూడో వంతు పోతుంది. వేడి చేస్తే ఇంకెంత పోతుందో ఊహించుకోవచ్చు. ముందు గడ్డకట్టించి, శూన్యంలో మంచును నేరుగా ఆవిరి చేసే ఫ్రీజ్ డ్రయ్యింగులో తైలం బాగా నిలుస్తుంది, ఆకారం చెడదు. కానీ సరుకు మరీ పెళుసుగా తయారై, చెయ్యి తగిలితేనే పూల మీది జిగురు నూగు (సిబిడి, వాసన ఉండేది ఇందులోనే, బూజు కాదు) రాలిపోతుంది, విద్యుత్తు ఖర్చూ ఎక్కువ.

ఇంకో మెలిక ఉంది. ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర వేడి చేసి, తగ్గిన బరువంతా నీరేనని లెక్కించే పరీక్షలో ఎగిరిపోయిన టర్పీన్లు కూడా నీటి పద్దులోనే పడతాయి. వాసన గట్టిగా ఉన్న రకానికి తేమ ఎక్కువ చూపిస్తుందన్నమాట.

కొత్తసభ్యుడు

చిన్న సందేహం. ఆరినకొద్దీ బరువు తగ్గుతుంది కదా, అప్పుడు టిహెచ్‌సి (మత్తు కలిగించే పదార్థం) శాతం పెరిగి చట్టపరిమితి దాటిపోదా?

పరీక్షగది

అమెరికాలోని 0.3 శాతం వంటి పరిమితులను పొడి బరువు మీదే లెక్కిస్తారు కనుక నీరు పోవడం వల్ల ఆ అంకె మారదు. మారేది వేరే కారణాలకు. ఆకులు, కాడలు తీసేస్తే మిగిలిన పూలలో గాఢత ఎక్కువ కనిపిస్తుంది. మొక్కలో టిహెచ్‌సి ఎక్కువగా ఆమ్లరూపంలోనే ఉంటుంది. అది వేడికి, కాలానికి కార్బన్ డయాక్సైడును వదిలి టిహెచ్‌సిగా మారేటప్పుడు బరువు 0.877 వంతు అవుతుంది, అంటే 0.30 శాతం ఆమ్లం పూర్తిగా మారినా 0.26 శాతమే. పరీక్షశాలలు ఈ మార్పును ముందే కలిపి మొత్తం టిహెచ్‌సి చెబుతాయి కనుక, మెల్లగా ఆరబెట్టడం వల్ల చట్టం దృష్టిలో మీకు లాభమూ లేదు, నష్టమూ లేదు.

నీడపట్టు

మొదటిపంట గారు మొదట్లో అన్న ఒక మాట మిగిలిపోయింది: మాగడం డ్రమ్ములోనే జరిగిపోతుందనుకున్నారు. పొగాకు బ్యారనులో జరిగే క్యూరింగు పేరూ దీని పేరూ ఒకటే కావడం వల్ల చాలామంది పొరబడతారు. అక్కడ ఆకును మొదట పసుపు రంగు తేలనిచ్చి, తరవాత మెట్లుమెట్లుగా 70 డిగ్రీల దాకా వేడి పెంచుతారు. ఇక్కడ వేడితో పనే లేదు. ఆరిపోయిన పూలలో మిగిలిన కొద్ది నీరు లోపలా బయటా సమం కావడం, పచ్చి ఆకు వాసన, గొంతులో గరగర తగ్గడం, ఈ రెండే మాగబెట్టడం వల్ల మనకు కావలసినవి. మొదటిదానికి వారం చాలు, రెండోదానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. మాగబెడితే సిబిడి శాతం పెరుగుతుందని కొందరు రాసేది నేను నమ్మను. పువ్వు కోసిన రోజున అందులో ఎంత ఉందో అంతే, ఆ తరవాత చేయగలిగిందల్లా కాపాడుకోవడమే.

పద్ధతి ఇది. సీసాను గానీ డబ్బాను గానీ ముప్పాతిక వంతుకు మించి నింపకూడదు, పూలను అదిమి కుక్కకూడదు. మొదటి వారం రోజుకు రెండుసార్లు మూత తీసి, పది నిమిషాలు గాలి తగలనిచ్చి, పూలను చేత్తో మెల్లగా పైకీ కిందికీ మార్చాలి. లోపలి మీటరు 65 దాటితే మూత మళ్లీ పెట్టకుండా పూలను తీసి జాలీ మీద పరచాలి. అమ్మోనియా వాసన వచ్చిందంటే గాలి ఆడక బాక్టీరియా పని మొదలుపెట్టిందని అర్థం, ఆ సరుకును మాగబెట్టి బాగుచేద్దామనుకోవడం వృథా. రెండో వారం నుంచి రోజు విడిచి రోజు, తరవాత వారానికోసారి చాలు. పెద్ద డ్రమ్ములో ఇది కుదరదు, ఎందుకంటే నడుమ ఉన్న సరుకుకు మీరు మూత తీసిన సంగతే తెలియదు. డ్రమ్ము నిలవకు పనికొస్తుంది, మాగబెట్టడానికి కాదు.

నిలవ కూడా చీకట్లోనే. గంజాయి నిలవ మీద ఫెయిర్‌బేర్న్, ఆయన సహచరులు 1976లో చూపించినదాని ప్రకారం సరుకును పాడుచేసేవాటిలో వెలుతురుదే పెద్ద చెయ్యి. గాజు సీసాలు అందంగా కనిపిస్తాయని కిటికీలో వరుసగా పెట్టి ఫోటోలు తీసేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నారపోగు

మీరందరూ పూల గురించి రాస్తున్నారు, గింజకూ నారకూ కథ వేరు కనుక క్లుప్తంగా చెబుతాను. గింజ రాలిపోకుండా ఉండాలంటే కొంత పచ్చిగా ఉండగానే కోయాలి, అప్పటికి తేమ 12 నుంచి 18 శాతం ఉంటుంది. అదే రోజు గాలి పెట్టి 8, 9 శాతానికి దింపకపోతే బిన్నులో వేడెక్కుతుంది. గింజ నూనెలో సగానికి పైగా లినోలెయిక్ ఆమ్లమే, పొట్టు పగిలినా వేడి తగిలినా నూనె చెడి చేదెక్కుతుంది. నార కోసమైతే పని తలకిందులు: కాండాన్ని మంచుకు, తేమకు వదిలి రెండు నుంచి ఆరు వారాలు కావాలనే నానబెడతాం, బూజే పీచును కాండం నుంచి విడదీస్తుంది. పూలవారికి శత్రువు మాకు కూలీ. కానీ బేళ్లు కట్టేనాటికి 15 శాతం లోపు ఆరకపోతే ఆ కూలీ పని ఆపడు, పీచును కూడా తినేస్తాడు. దుమ్మును తక్కువగా చూడకండి. స్పెయిన్‌లోని కయోసా దె సెగూరా పట్టణంలో నార చీరే కార్మికుల ఊపిరితిత్తుల జబ్బు మీద 1960లలో వైద్యులు పరిశోధనలు చేశారు; నానిన నార దుమ్ములో ఉండే బాక్టీరియా అవశేషాలు ఏళ్ల తరబడి పీల్చినవారికి ఆయాసం శాశ్వతమవుతుంది.

మొదటిపంట

నాలుగు వారాల తరవాత తిరిగి రాస్తున్నాను. చెప్పినవన్నీ చేశాను.

ఉప్పు పరీక్షలో షెడ్డు గాలిలో తేమను కొలిచే మీటరు (పూలకు గుచ్చినది కాదు) 75కు బదులు 68 చూపించింది. అంటే నేను 55 శాతం అనుకుని నిశ్చింతగా పడుకున్న రాత్రులన్నీ గదిలో 62 ఉంది. హీటరు ఆపిన రాత్రుల సంగతి అడగకండి; రేకుల కింద కట్టిన తీగల మీద నీటి చారల మరకలు ఇప్పుడు చూస్తే కనిపిస్తున్నాయి. బూజు పట్టిన మూడు డ్రమ్ముల్లో రెండింటిలో పూల సందుల్లో నీలి పచ్చ పొడి ఉంది. మూడోదానిలో నూగు బూడిదరంగులో ఉంది, కాడ నడుమ గోధుమరంగుకు కుళ్లింది. ఆ డ్రమ్ములోకి వెళ్లిన కొమ్మలు పొలంలో పల్లపు మూలవని నా చీటీలో రాసి ఉంది. పరీక్షగది గారు అడిగిన ఆ ఒక్క ప్రశ్న లేకపోతే రెండు తప్పులను ఒకటిగా చూసి, సగమే దిద్దుకునేవాడిని. మూడు డ్రమ్ములనూ నమోదు చేసి, అధికారికంగా నాశనం చేయించాను.

మిగిలిన పదకొండింటిలో ప్రతి డ్రమ్ము పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి లావు పూలు తీసి సీసాల్లో మూసి కొలిచాను. పది డ్రమ్ములు 0.57 నుంచి 0.63 మధ్య ఉన్నాయి. ఒకటి పైన 0.60, నడుమ 0.69 చూపించింది. దాన్ని జాలీల మీద పరిచి, 18 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఆరబెట్టి, విషాల పరీక్షకు విడిగా పంపాను. మిగిలిన పది డ్రమ్ములకు బూజు లెక్క, అఫ్లటాక్సిన్, ఆక్రటాక్సిన్ పరీక్షలు మూడూ పరిమితికి లోబడే వచ్చాయి. ఆ ఒక్కదాని ఫలితం ఇంకా రాలేదు, వచ్చేదాకా దాని మూత మీద ఎర్ర పట్టీ అలాగే ఉంటుంది.

ఒక సందేహం మాత్రం మిగిలింది. వచ్చే పంటకు లావు పూలను వేలాడదీసే ముందే కాడ నుంచి చిన్న పాయలుగా విడదీస్తే నడుమ తడి నిలవదు కానీ, విడదీసినవి మరీ త్వరగా ఆరి వాసన పోతుందేమోనని భయంగా ఉంది.

నీడపట్టు

విడదీయండి, కానీ గదిలో తేమను 60 నుంచి 62 దగ్గర ఉంచండి, పాయలను కాడతోపాటే వేలాడదీయండి. కాడ లోపలి నీరు మెల్లగా పువ్వులోకి వస్తూ ఉంటుంది కనుక అంత త్వరగా ఆరిపోవు. రెండు తీగలకు రెండు పద్ధతులూ పెట్టి, రోజూ ఒకే వేళకు రెండు కొమ్మలనూ త్రాసులో తూచి రాసుకోండి. ఆ కాగితం ఇక్కడ పెట్టగలిగితే మేమూ చూస్తాం.